అమ్మాజీకి, ఆ అపార్ట్‌మెంట్ కాగితాల గురించి

చిరంజీవి అమ్మాజీకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ దాళ్వా కోతలు అయిపోయాయి. కాలువలు కట్టేశారు. ధాన్యం డబ్బులు ఇంకా పడలేదు. ఖాళీగానే ఉన్నాను కదా అని నువ్వు పంపిన కాగితాలు భీమవరంలో ప్రింటు తీయించి, నాలుగు రోజులు కూర్చుని చదివాను. అర్థం కాని మాటలు అల్లుడుగారు ఫోనులో చెప్పారు. ముప్పై ఏళ్లు సొసైటీలో సెక్రటరీగా చేసినవాణ్ణి, అప్పు కాగితం ఏ దేశానిదైనా కాస్త వాసన తెలుస్తుంది.

"డల్లాస్ దగ్గర నూట అరవై ఫ్లాట్ల కాంప్లెక్సు, మా వాటా 50,000 డాలర్లు, ఏడాదికి 8 శాతం, మాకు పనేమీ ఉండదు నాన్నా" అన్నావు. ఆ పనేమీ ఉండదన్న మాట దగ్గరే ఆగిపోయాను.

1994లో నేనూ ఆ మాట నమ్మే మొగల్తూరు వైపు ఓ టైగర్ రొయ్యల చెరువులో చేరాను. నీకప్పుడు మూడేళ్లు. ఎనిమిది మందిమి డబ్బులు పెట్టాం, చూసుకునేవాడు ఒక్కడు. మిగతా ఏడుగురం స్లీపింగ్ పార్ట్‌నర్లం. నిజంగానే నిద్రపోయాం. మరుసటి ఏడాది తెల్లమచ్చల తెగులు వచ్చి చెరువు మొత్తం తేలిపోయింది. తెగులు ఎవరి తప్పూ కాదు. కానీ లెక్కలు విప్పి చూస్తే, చూసుకున్నవాడికి నెల జీతం ముట్టింది, మేత అతని బావమరిది కొట్లోంచే వచ్చింది, దాని మీద కమీషనూ ముట్టింది. పైగా "ఇంకో యాభై వేలు వేస్తే చెరువు నిలబడుతుంది" అని కబురు పెట్టాడు. వేశాను. అదీ పోయింది. మీ అమ్మ గాజుల సంగతి నీకు తెలిసిందే.

మీ కాగితాల్లోనూ ఆ లెక్కలన్నీ ఉన్నాయమ్మా, పేర్లు మాత్రం పెద్దవి. స్పాన్సర్, అంటే మీ అందరి డబ్బుతో కాంప్లెక్సు కొని చూసుకునేవాడు, కొన్న రోజునే 2 శాతం ఫీజు తీసుకుంటాడు. కాంప్లెక్సు ధర 2 కోట్ల డాలర్లు కాబట్టి 4 లక్షలు. ఆ తర్వాత ఏటా చూసుకున్నందుకు ఇంకో ఫీజు. అవి తీసుకోవడం తప్పని నేననను, పని చేసేవాడికి కూలి ఉండాలి. అతని సొంత డబ్బు ఎంత పడుతోందో మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు.

ఆ 8 శాతం వడ్డీ కాదు. లాభం వస్తే ముందు మీకు ఏడాదికి 4,000 డాలర్ల చొప్పున ఇచ్చి, మిగిలింది 70కి 30గా పంచుకుంటారు. రాకపోతే మీ ఖాతాలో బాకీగా రాసుకుంటారు, అంతే. పొలం పాలికి ఇచ్చినట్టు. పంట పండకపోతే ఎవరిని అడుగుతాం?

నన్ను భయపెట్టింది అప్పు సంగతి. ఓ కాగితం మీద నువ్వూ వేసి చూడు. ఖర్చులు పోగా ఏటా 10 లక్షల డాలర్ల అద్దె మిగులుతుంది. ఆ మిగులు ధరలో ఎంత శాతమో దాన్నే కాప్ రేట్ అంటారట. అది 5 శాతం లెక్కన ధర 2 కోట్లు. అందులో అప్పు 1 కోటి 40 లక్షలు, మీ అందరి సొమ్ము 60 లక్షలు. అమ్మే రోజుకి మార్కెట్లో కాప్ రేట్ ఆరున్నర అయిందనుకో, అదే అద్దెకి ధర 1 కోటి 54 లక్షలే. అప్పు తీరిస్తే మిగిలేది 14 లక్షలు. ఒక్క ఫ్లాటూ ఖాళీ కాలేదు, ఒక్క అద్దే తగ్గలేదు, మీ సొమ్ములో ముప్పాతికకు పైగా పోయింది.

ఇది ఊహ కాదు. వడ్డీలు పెరిగితే కాప్ రేటూ సాధారణంగా పెరుగుతుంది. 2022 మార్చికి ముందు ఫెడ్, అంటే మన రిజర్వు బ్యాంకు లాంటి అమెరికా బ్యాంకు, వడ్డీ దాదాపు సున్నా. 2023 జులైకి ఐదుంపావు దాటింది. మారే వడ్డీకి బ్రిడ్జి లోన్లు, అంటే కొద్ది ఏళ్లకే తీర్చాల్సిన అప్పులు, తీసుకున్నవాళ్లు టెక్సాస్‌లోనే ఎంతోమంది పంపకాలు ఆపేశారు, కొందరు మళ్లీ డబ్బు వేయమన్నారు, కొన్ని కాంప్లెక్సులు బ్యాంకు పట్టుకుపోయింది. మీ కాగితాల్లోనూ మారే వడ్డీయే ఉంది. వడ్డీ ఒక హద్దు దాటకుండా రేట్ కాప్ కొన్నామని రాశారు, కానీ అది రెండేళ్లకే. వాళ్లు ఉంచుకుంటామంటున్నది ఐదేళ్లు. మిగతా మూడేళ్లు ఏమిటి?

అక్కడి పెట్టుబడుల మీద నిఘా పెట్టే ఎస్ఈసీ అనే సర్కారు సంస్థ దగ్గర ఫారం డి వేశామని గొప్పగా రాసుకున్నారు. అది కబురు చెప్పడమే. సబ్ రిజిస్ట్రార్ దస్తావేజు రాసుకుంటే పొలం చౌడు కాదని పూచీ పడ్డట్టా? రూల్ 506 సి కింద కాబట్టి ప్రకటనలు ఇచ్చుకోవచ్చు, కానీ మీరు అక్రెడిటెడ్, అంటే చట్టం చెప్పినంత ఆదాయమో ఆస్తో ఉన్నవాళ్లు, అని రుజువు చూసే డబ్బు తీసుకోవాలి. మీ ఇద్దరి ఆదాయం కలిపి గడిచిన రెండేళ్లూ 3 లక్షల డాలర్లు దాటింది, ఈ ఏడూ దాటేట్టే ఉంటే అందులో ఇబ్బంది లేదు. పన్ను సంగతి మీ ఆడిటర్నే అడగండి. మీ వాటాకి వచ్చిన లాభనష్టాలు చూపే కె-1 కాగితం ఆలస్యంగా వస్తుందట. తరుగుదల వల్ల నష్టం చూపించినా, అది మీ జీతంలోంచి తీసేసుకునే నష్టం కాదట.

వద్దని చెప్పను. మీ సంపాదన, మీ ఇష్టం. ఇల్లు కొనడానికి దాస్తున్న డబ్బు మాత్రం ఇందులో పెట్టొద్దు. మధ్యలో వెనక్కి తీసుకోవడానికి ఇది చిట్టీ కాదు, పాడుకుని బయటపడే వీలు లేదు. ఐదేళ్లు అన్నది ఏడేళ్లు అయినా టెన్షన్ పడని డబ్బయితే ఒక్క వాటాతో మొదలుపెట్టండి. ఆ ఒక్కటి అమ్ముడయ్యేదాకా రెండోది వద్దు.

సంతకం పెట్టేముందు ఆ స్పాన్సర్‌కి ఇవి రాయి. మీ సొంత డబ్బు ఎంత? మూడో ఏట రేట్ కాప్ కొనడానికి ఎంత తీసి ఉంచారు? మళ్లీ డబ్బు అడిగితే మేం వేయకపోతే మా వాటా ఏమవుతుంది? మీరు చేసినవాటిలో అన్నిటికన్నా పాడైంది ఏది, అందులో డబ్బు పెట్టిన ఒకరితో మాట్లాడిస్తారా? ఈ చివరి ప్రశ్నకి ఎన్ని రోజుల్లో జవాబిస్తాడో కూడా చూడు. రొయ్యల చెరువతన్ని నేను ఇలాంటిదేదీ అడగలేదు, మొహమాటపడ్డాను.

జవాబు వచ్చాక నాకు పంపు, అది కూడా ప్రింటు తీయిస్తాను. జిరాక్స్ కొట్టు కుర్రాడు నిన్న మళ్లీ అడిగాడు, "ఏమండీ సెక్రటరీగారూ, అమెరికాలో అపార్ట్‌మెంట్ కొనేత్తున్నారా?" అని. అమ్మాయి కొంటోంది, నేను కాగితాలు మోస్తున్నాను అన్నాను.

ఇట్లు,
నాన్న