వార్షిక నివేదిక: బడి పిల్లలతో పోలియో గురించి, ఊపిరి గురించి

మన కాలనీ సంఘం గౌరవ సభ్యులకు కార్యదర్శి నమస్కారాలు.

ఈ ఏడాది పార్కు గోడ మరమ్మతు అయింది. వీధి దీపాలు మార్పించాం. బోనాలకు, బతుకమ్మకు ఎప్పటిలాగే అందరూ కదిలి వచ్చారు. జమాఖర్చుల పట్టీ కోశాధికారి గారు సమావేశంలో చదువుతారు. నేను మాత్రం అక్టోబర్ 24, ప్రపంచ పోలియో దినం నాడు మొదలుపెట్టి మన చుట్టుపక్కల బడుల్లో చేసిన పని గురించే ఎక్కువ చెప్తాను.

"పోలియో పోయింది కదండీ, డెంగీ గురించి చెప్పొచ్చుగా" అని కార్యవర్గంలో కొందరు అన్నారు. అడగాల్సిన మాటే. మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో వచ్చింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం కూడా ఇచ్చింది. కానీ 2016 జూన్‌లో మన అంబర్‌పేట మురుగునీటి నమూనాలోనే చుక్కల టీకాలోని బలహీన వైరస్ మారి పుట్టిన టైప్ 2 రకం పోలియో వైరస్ కనబడింది. అప్పుడు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో పసిపిల్లలకు ప్రత్యేకంగా ఇంజెక్షన్ టీకా వేశారు. మన నాలా నీళ్లలోనే దొరికిన సంగతిని మన పిల్లలకు మనం చెప్పకపోతే ఎవరు చెప్తారు?

మొదటి బడిలో మేం పొరపాటు చేశాం. మొదలుపెట్టడమే ఐరన్ లంగ్, అంటే రోగికి ఊపిరి ఆడించే ఇనుప పెట్టె, ఫొటోతో మొదలుపెట్టాం. ఇనుప గొట్టంలో పడుకోబెట్టిన బిడ్డ, బయటికి తల ఒక్కటే. వెనక బెంచీలో ఒక పాప ఏడ్చేసింది. ఆ రోజు ఇంటికొచ్చాక నాకు అన్నం సహించలేదు. తర్వాతి బడి నుంచి ఫొటో పక్కనపెట్టి, సైన్సు పాఠంలోని సీసా బొమ్మతో మొదలుపెట్టాం. అడుగు కోసిన ప్లాస్టిక్ సీసా, లోపల రెండు బెలూన్లు, అడుగున బిగించిన రబ్బరు పొర. పొరను కిందికి లాగితే బెలూన్లు ఉబ్బుతాయి, వదిలితే ముడుచుకుంటాయి. ఆ పొరే మన ఉదరవితానం, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొర.

పోలియో అంటే కాలి జబ్బు అనే పిల్లలందరూ అనుకుంటున్నారు. నిజం చెప్పాలంటే మాలోనూ చాలామంది అలాగే అనుకున్నాం. మన కాలనీలోని రిటైర్డ్ టీచరమ్మ గారు దీన్ని ఒక్క పదం పట్టుకుని విప్పారు. ఊపిరితిత్తి అన్నాం కదా, తిత్తి అంటే కమ్మరి కొలిమి దగ్గర నిప్పుకు గాలి ఊదే తోలు సంచి. తిత్తి తనంతట తాను గాలి పీల్చదు, దాన్ని లాగే చెయ్యి కావాలి. పోలియో వైరస్ నోటి ద్వారా పేగుల్లోకి వెళ్తుంది. చాలామందికి సోకినట్టే తెలియదు. సుమారు 200 మందిలో ఒకరికి మాత్రం వెన్నుపాములో కండరాలను ఆడించే నరకణాలను చంపుతుంది. కాలికి సంబంధించినవి చస్తే కాలు పడిపోతుంది. మెడ దగ్గర ఉన్నవి చస్తే ఉదరవితానం ఆగిపోతుంది. తిత్తి బాగానే ఉంటుంది, లాగే చెయ్యే పడిపోతుంది. పక్షవాతం వచ్చినవాళ్లలో నూటికి 5 నుంచి 10 మంది ఇలా ఊపిరి ఆడక చనిపోతారు.

"మరి బయటినుంచి మనం లాగితే?" అని ఒక అబ్బాయి అడిగాడు. ఐరన్ లంగ్ చేసింది అదే. 1928లో అమెరికాలోని బోస్టన్‌లో మొదటిసారి వాడారు. పెట్టెలో గాలి ఒత్తిడి తగ్గిస్తే ఛాతీ పైకి లేచి ఊపిరి లోపలికి వస్తుంది. ఇప్పుడు ఫొటో చూపిస్తే ఎవరూ భయపడలేదు, ముందుకొచ్చి చూశారు. ఆరేళ్ల వయసులో 1952లో పోలియో వచ్చి, ఆ పెట్టె సాయంతోనే బతుకుతూ లాయరు అయిన పాల్ అలెగ్జాండర్ 2024 మార్చిలో కన్నుమూశారని చెప్తే కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అన్నిటికన్నా పిల్లలకు పట్టింది డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ సంగతి. 1952లో అక్కడ పోలియో విరుచుకుపడితే పెద్ద ఆసుపత్రిలో ఉన్న ఐరన్ లంగ్ ఒక్కటే. బ్యోర్న్ ఇబ్సెన్ అనే, ఆపరేషన్లకు మత్తుమందు ఇచ్చే డాక్టరు 12 ఏళ్ల అమ్మాయికి గొంతు దగ్గర గొట్టం పెట్టి, రబ్బరు సంచి చేత్తో నొక్కుతూ ఊపిరి అందించి బతికించారు. తర్వాత సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా, రాత్రింబవళ్లు, నెలల తరబడి సంచులు నొక్కారు. ఈనాటి ఐసీయూలకు అదే మొదలు. మన కాలనీలోని నర్సు చెల్లెమ్మ ఒకరు తెచ్చిన అంబూ బ్యాగును, అంటే చేత్తో నొక్కి ఊపిరి అందించే అలాంటి సంచినే, పిల్లలు ఒక్కొక్కరు పది నిమిషాలు నొక్కి చూశారు. ఐదో నిమిషానికే చేతులు మార్చుకున్నారు. ఆపితే ఏమవుతుందో వాళ్లకు మేం చెప్పలేదు, వాళ్లే చెప్పుకున్నారు.

చిన్నప్పుడు పోలియో వచ్చిన మన సభ్యురాలు ఒకరు మూడు బడులకు మాతో వచ్చారు. పేరు వద్దన్నారు. అరవై దాటాక ఆమెకు పడుకుంటే ఊపిరి అందడం కష్టమైంది. చాలాకాలం ఆస్తమా అనుకుని మందులు వాడారట. ఏళ్ల తర్వాత కండరాలు మళ్లీ బలహీనపడే పోస్ట్ పోలియో సమస్య అని ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు రాత్రిళ్లు మాస్కు మిషను పెట్టుకుంటారు. ఆ మిషను బడికి తెచ్చి, పిల్లల చేతికిచ్చి చూపించారు. ఆమెకు ఈ సంఘం రుణపడి ఉంది.

వచ్చే ఏడాదికి రెండు పనులు. అంబూ బ్యాగు తిరిగి ఇచ్చేయాలి, కాబట్టి సంఘానికి సొంతంగా ఒకటి కొనడానికి సభ్యుల ఆమోదం కోరుతున్నాను. ఇళ్లలో పసిపిల్లలు ఉన్నవాళ్లు టీకా కార్డు ఒకసారి తీసి చూడండి. ఆరు, పద్నాలుగు వారాలకు వేసే పోలియో ఇంజెక్షన్లతో పాటు 2023 నుంచి తొమ్మిది నెలలు నిండాక మూడోది కూడా ఉంది. అది మిస్సయితే బస్తీ దవాఖానాలోనో, ఆశా వర్కరు గారినో అడగండి. ఒంటరిగా వెళ్లలేని తల్లులకు తోడు వెళ్లేందుకు మా కార్యవర్గ సభ్యులు సిద్ధంగా ఉన్నారు.