రాజూ, ఆ మెషీన్ అప్పుడే కొనకు

ఒరేయ్ రాజూ,

నీ ఉత్తరం అందింది. గాలిమరల ఉద్యోగం గురించి, ఎడారి గురించి ఏమైనా రాస్తావనుకుంటే సగానికి పైగా జైసల్మేర్ నీళ్లను తిట్టడానికే సరిపెట్టావు. బకెట్ అంచున తెల్లపొర, గీజర్‌లో టకటకమని చప్పుడు, ఎన్ని విజిల్స్ వచ్చినా ఉడకని కందిపప్పు, కొబ్బరి పీచులాంటి జుట్టు. అన్నీ ఒప్పుకుంటాను. కానీ చివర్లో "నీళ్లలో లవణాలు తీసేసే పెద్ద ఆర్వో మెషీన్ బుక్ చేసేస్తున్నా" అన్నావు చూడు, అక్కడ కాస్త ఆగు. దానికోసమే ఈ రామాయణం.

ఇక్కడ మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల గొడవ లేని నెల ఉండదని నీకు తెలుసు కదా. మంజీరా నీళ్లు సంపులోకి రోజు విడిచి రోజు వస్తాయి, మిగతాదంతా బోరు. కింద నల్లరాయి, బోరేమో పాతాళానికి దిగింది, ఇక ఉప్పదనం ఎక్కడికి పోతుంది? ఈమధ్య ఒక సేల్స్ కుర్రాడు వచ్చి సెల్లార్‌లో డెమో పెట్టాడు. రెండు గ్లాసులు, ఒకదాంట్లో మా నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో వాళ్ల మెషీన్ నీళ్లు. రెండింట్లో కరెంటు కడ్డీలు ముంచాడు. క్షణాల్లో మా నీళ్లు తుప్పురంగుకి తిరిగి, పైన మడ్డి తేలింది. ఆడవాళ్లంతా "అమ్మో, ఇన్నాళ్లూ ఇదా తాగుతున్నాం!" అని నోళ్లు నొక్కుకున్నారు. అప్పుడు పై అంతస్తు కెమిస్ట్రీ లెక్చరర్ గారు, రిటైరయ్యారులే, నెమ్మదిగా లేచి వంటింటి ఉప్పు చిటికెడు ఆ మెషీన్ నీళ్లలో వేసి, "ఇప్పుడు పెట్టు బాబూ" అన్నారు. అవీ తుప్పురంగే అయ్యాయి. ఆ మడ్డి నీళ్లలోది కాదురా, కడ్డీ ఇనుము కరిగి వచ్చింది. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, లేకపోతే పారదు, అంతే కిటుకు. కుర్రాడు సామాను సర్దుకున్న వేగం చూడాల్సింది.

నీకు మెషీన్ అమ్మబోయేవాడు చూపించిన టీడీఎస్ మీటర్ కూడా ఇంచుమించు ఆ కుటుంబమే. కరెంటు ఎంత పారుతుందో కొలిచి, కరిగిన లవణాలు మొత్తం, అంటే టీడీఎస్, ఇన్ని ఉండొచ్చని అంకె చూపిస్తుంది. అందులో కాల్షియం ఎంత, ఫ్లోరైడ్ ఎంత, నైట్రేట్ ఎంత అంటే దానికి తెలియదు. క్రిముల సంగతి అసలే తెలియదు. మన దేశంలో ప్రమాణాలు పెట్టే సంస్థ బీఐఎస్ లెక్కలో తాగేనీటికి టీడీఎస్ 500 దాకా మంచిది, వేరే దారి లేకపోతే 2000 దాకా సహించవచ్చు. కఠినత్వానికి, అంటే సబ్బు నురగ రానివ్వని కాల్షియం లాంటివాటికి, ఆ హద్దులు 200, 600. ఫ్లోరైడ్‌కి మాత్రం 1, ఎక్కువలో ఎక్కువ 1.5. అన్నీ లీటరుకి మిల్లీగ్రాముల్లోనే. ఎక్కడ ఎంత ఇరుకు హద్దు ఉందో చూశావా?

నిన్ను విసిగిస్తున్న తెల్లపొర చాలావరకు కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి సరుకే. అది గీజర్‌ను తింటుంది, సబ్బును తింటుంది, నీ ఓపికను తింటుంది. మనిషిని తినదు. కిడ్నీలో రాళ్లని మీ అమ్మ భయపడుతోందట కదా, ఆ ఎండల్లో చెమటంతా పోయి, తగినన్ని నీళ్లు తాగకపోవడానికి ముందు భయపడమను.

నన్నడిగితే భయపడాల్సింది కంటికి కనబడని ఫ్లోరైడ్‌కి. మా బావ వాళ్లది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఊరు, నీకు తెలుసుగా. ఒకప్పుడు అక్కడి బావి నీళ్లు చూస్తే తేటగా ఉండేవి, రుచికీ వంక పెట్టలేం. ఆ నీళ్లే తాగి నడుములు వంగిపోయిన పెద్దవాళ్లను పెళ్లికి వెళ్లినప్పుడు నువ్వూ చూశావు. ఇంకో విచిత్రం విను. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువే ఉంటుంది, రెండూ కలిస్తే కరగకుండా అడుగుకి చేరుతుంది కాబట్టి. సోడియం ఎక్కువై, సబ్బు చక్కగా నురగొచ్చే భూగర్భ జలాల్లోనే అది ఎక్కువగా దొరుకుతుంది. కాబట్టి సబ్బు నురగను బట్టి మంచీచెడూ చెప్పలేం. మరగబెట్టినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

మీకు రెండు రకాల నీళ్లు వస్తాయన్నావు. ఒకటి ఇందిరాగాంధీ కాలువది. పంజాబ్‌లో హరికే దగ్గర మొదలై అంత దూరం వచ్చే నది నీళ్లు, అవి ఫర్వాలేదు. రెండోది గొట్టపుబావిది. ఎండాకాలం ముందు మరమ్మతులకని కాలువ మూసేస్తారే, మీవాళ్లు నహర్‌బందీ అంటారు, అప్పుడు ట్యాంకర్‌లో వచ్చేది ఎక్కడిదో అడుగు. రెండింటినీ వేరువేరు సీసాల్లో పట్టి పీహెచ్‌ఈడీ, అంటే మీ రాష్ట్ర మంచినీటి శాఖ, జిల్లా ల్యాబ్‌లో ఇవ్వు. ఫ్లోరైడ్, నైట్రేట్, కఠినత్వం, క్రిములు, ఈ నాలుగూ కావాలని అడుగు. క్రిములకి వాళ్లిచ్చే శుభ్రమైన సీసానే వాడు, కూల్‌డ్రింక్ సీసా కాదు!

ఫ్లోరైడో నైట్రేటో ఎక్కువని తేలితే ఆర్వో కొనుక్కో, నేనే పార్టీ ఇస్తా. లేదంటే ఎందుకురా? మామూలు ఇంటి మెషీన్ లీటరు మంచినీళ్లకి రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. వానచుక్కను టాంకాల్లో, అంటే నేలలో కట్టిన తొట్టెల్లో, దాచుకుని బతికిన ఊళ్లో ఆ వృథా చూస్తే నాకే ప్రాణం ఉసూరుమంటుంది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) కూడా టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్వో వద్దనే చెప్పింది. కొన్నా సరే, వదిలే నీళ్లు బకెట్‌లో పట్టి ఇల్లు తుడవండి, బాత్రూంలో పొయ్యండి. కుండీల్లో మాత్రం రోజూ పొయ్యకు, మట్టి చవుడుబారుతుంది.

ఈలోపు పప్పు సంగతి. కాల్షియం పప్పు గింజల గోడల్లో పట్టుకుని మెత్తబడనివ్వదు. కాలువ నీళ్లలో నానబెట్టి, వాటితోనే ఉడికించమని వదినకు చెప్పు. అప్పటికీ మొండికేస్తే తినేసోడా చిటికెడు, ఎక్కువైతే సబ్బు వాసన. గీజర్ వేడి తగ్గించు, నీళ్లు కాగేకొద్దీ సున్నం ఎక్కువగా పేరుకుంటుంది. కుళాయిలకీ కెటిల్‌కీ నిమ్మఉప్పు నీళ్లు చాలు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, బాత్రూం యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఎప్పుడూ కలపకు, విషవాయువు వస్తుంది. తలస్నానం అయ్యాక చివరి రెండు మగ్గులూ కాలువ నీళ్లవి పోసుకో. ఉన్న నాలుగు వెంట్రుకలకీ ఆ మాత్రం మర్యాద చెయ్యొచ్చు.

సాఫ్ట్‌నర్ అని ఇంకోడు కూడా తగులుకుంటాడు. అది కాల్షియం తీసి సోడియం పెడుతుంది, టీడీఎస్ తగ్గదు. స్నానానికీ గీజర్‌కీ బాగుంటుంది. మీ నాన్నగారికి బీపీ కాబట్టి ఆయన తాగే నీళ్లకి మాత్రం వద్దు.

రిపోర్టు రాగానే ఫోటో తీసి పంపు. లెక్చరర్ గారికి చూపిస్తా, ఆయనకీ కాలక్షేపం. దసరాకి వస్తానన్నావు, టికెట్లు ఇప్పుడే చేసుకో. వస్తూ వస్తూ కూర వండుకునే ఆ ఎడారి ఎండుకాయలు, కేర్ సాంగ్రీ, ఒక కిలో తీసుకురా, మా ఆవిడ మరీ మరీ చెప్పమంది.

నీ
శీను