షెడ్డు కడిగే నీళ్ల లెక్క
అందరికీ నమస్తే. ఎండలు ముదరకముందే ఒక మాట చెప్పాలి. మా బోరు సన్నబడింది, అసలు నీళ్లు ఎటు పోతున్నాయో చూద్దామని గేదెల షెడ్డు కడిగే పైపు కింద 20 లీటర్ల బకెట్ పెట్టి ఫోన్‌లో టైం చూశాను. 40 సెకన్లలో నిండింది! అంటే నిమిషానికి 30 లీటర్లు, మావాడు పూటకు అరగంట కడుగుతాడు, రెండు పూటలకు కలిపి 1800 లీటర్లు, అదీ పేడను నీళ్లతోనే తోసేస్తూ. ఇప్పుడు ముందు పారతో పేడ ఎత్తి, పుల్లల చీపురుతో ఊడ్చాకే పైపు ముట్టుకోమన్నాను. చివర నొక్కితేనే నీళ్లొచ్చే గన్ కూడా బిగించాను, పది నిమిషాల్లో పని అయిపోతోంది (మావాడికే ఎక్కువ సంతోషం).

తొట్టి నిండగానే నీళ్లు ఆపే బాల్ వాల్వ్ ఒకసారి చూసుకోండి, మాది రాత్రంతా కారి గేదెల కాళ్ల కింద బురద, దోమలు వేరే. కడిగిన నీళ్లు కాలువ తీసి సూపర్ నేపియర్ పశుగ్రాసానికి వదిలాను.

గేదెలు తాగే నీళ్లలో మాత్రం పొదుపు వద్దు. పాలల్లో 80 శాతానికి పైగా నీళ్లే, తొట్టి ఎండితే సాయంత్రం పాల క్యాన్‌లోనే తెలిసిపోతుంది.

మీ పైపు లెక్క ఎంతొచ్చిందో ఇక్కడ పెట్టండి.