ఆయమ్మల జీతాలకు సాయం చేయండి: రామాలయం పిల్లల హాలు కోసం కమిటీ విజ్ఞప్తి

గుడికి రోజూ వచ్చేవాళ్ళకీ, పేట వదిలి వెళ్ళినా శ్రీరామనవమికి తప్పకుండా వచ్చిపోయేవాళ్ళకీ కమిటీ నమస్కారాలు. సూటిగా విషయానికి వస్తున్నాం. కూలి పనికి వెళ్ళే తల్లుల పిల్లల్ని గుడి వెనక హాల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూసుకుంటున్నాం కదా, అది ఇప్పుడు 17 మందితో నడుస్తోంది. దసరా నుంచి 28 మందిని తీసుకోవాలని అనుకుంటున్నాం. దానికి నెలకు 48,000 రూపాయలు తక్కువ పడుతున్నాయి. ఆ డబ్బు మిమ్మల్ని అడగడానికే ఇది రాస్తున్నాం.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్పాలి. మన బెంగళూరులో వైట్‌ఫీల్డ్ నుంచి వర్తూరు దాకా ఎటు చూసినా కట్టడాలే, ప్రతి కట్టడం పక్కనా రేకుల షెడ్లే. వాటిల్లో ఉండేది ఆదోని, కోసిగి వైపు నుంచి, కదిరి నుంచి, రాయచూరు, యాదగిరి నుంచి వచ్చిన కుటుంబాలు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పనికి పోతే తప్ప ఊళ్ళో చేసిన అప్పు తీరదు. మరి పిల్లల్ని ఎవరు చూస్తారు? చంటివాళ్ళకి సెంట్రింగ్ కర్రకు చీరతో ఉయ్యాల కడతారు, నడక వచ్చినవాళ్ళు ఇసుక కుప్ప మీదా కంకర మీదా ఆడుకుంటారు, పక్కనే మూత లేని నీళ్ళ సంపు ఉంటుంది. మన వీధి చివరి సైటులో ఒక పాప ఉండేది, నాలుగేళ్ళు కూడా సరిగ్గా నిండలేదు, తమ్ముణ్ణి చంకనేసుకునే తిరిగేది. వాడికి పాలసీసా ఎప్పుడివ్వాలో, ఈగలు వాలకుండా ఎలా పడుకోబెట్టాలో అన్నీ ఆ పిల్లకే తెలుసు. ఆడుకోవాల్సిన వయసులో అంత జాగ్రత్త రావడం చూస్తే మెచ్చుకోవాలనిపించదు, కడుపు తరుక్కుపోతుంది. ఇప్పుడు ఆ అక్కాతమ్ముళ్ళిద్దరూ మన హాల్లోనే ఉన్నారు.

అంగన్‌వాడీ ఉంది కదా, మీరెందుకు అని చాలామంది అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన పథకం అది, మన కర్ణాటకలో మొదట మైసూరు జిల్లా టి.నరసీపురలో పెట్టారు, ఈ యాభై ఏళ్ళలో అది లేకపోతే ఎంతమంది పిల్లలు ఆకలితో ఉండేవారో. మన దగ్గరికి వచ్చే పిల్లల పేర్లు కూడా అక్కడే రాయిస్తున్నాం, బరువు తూచడం, టీకాలు అన్నీ అక్కడి టీచరమ్మ సాయంతోనే జరుగుతున్నాయి. చిక్కల్లా రెండు చోట్ల వస్తోంది. మూడేళ్ళ లోపు పిల్లలకు అక్కడ రేషన్ ఇంటికి ఇస్తారు, అంతేగానీ వాళ్ళని రోజంతా ఉంచుకుని చూసుకునే ఏర్పాటు లేదు. మూడేళ్ళు దాటినవాళ్ళని ఉంచుకున్నా, సాయంత్రం తల్లి పని నుంచి దిగకముందే కేంద్రం మూసేస్తారు. స్లాబు వేసే రోజైతే పని ఎప్పుడు పూర్తవుతుందో మేస్త్రీకే తెలియదు. అందుకే మన హాలు పొద్దున ఏడున్నరకి తెరిచి, సాయంత్రం ఆఖరి తల్లి వచ్చేదాకా ఉంచుతున్నాం.

బిల్డర్లు చూసుకోవాలి కదా అన్నది ఇంకో మాట. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లోనే వచ్చింది, 50 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట ఆరేళ్ళ లోపు పిల్లల కోసం గది ఏర్పాటు చేయాలని, 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అందులో రాసి ఉండేది. కానీ మన పేటలో లేచేవన్నీ నాలుగైదు అంతస్తుల చిన్న అపార్టుమెంట్లు, ఒక్కో చోట పదీ పదిహేను మంది ఆడవాళ్ళు ఉంటే ఎక్కువ. ఆ లెక్కకి ఏ ఒక్క సైటూ రాలేదు. పది సైట్ల పిల్లల్ని కలిపితే మాత్రం ఒక బడికి సరిపడా అవుతారు. ఆ కలిపే చోటు మన గుడి ఎందుకు కాకూడదు అన్న ఆలోచనతోనే కమిటీ ఈ పని ఎత్తుకుంది.

ఈ వయసు గురించి ఎందుకింత పట్టుబడుతున్నామో కూడా చెప్పాలి. ఆరేళ్ళలోపే మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా జరిగిపోతుందని 2020 జాతీయ విద్యా విధానంలోనే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 35 మందికి పైగా వయసుకు తగ్గ ఎత్తు లేరు, ఆరు నెలలు దాటిన ఆ వయసు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తం తక్కువ. అయితే ఇది చేయి దాటిపోయిన విషయం కాదు. జమైకాలో 1980ల్లో ఇలాగే ఎదుగుదల ఆగిన పేద పిల్లల ఇళ్ళకి ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక గంట వెళ్ళి, ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలతో ఆడిస్తూ, పిల్లలతో ఎలా మాట్లాడాలో తల్లులకి చూపించారు. రెండేళ్ళు, అంతే. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే, ఆ సాయం అందని అలాంటి పిల్లలకంటే వీళ్ళు 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. ఖరీదైన సామాను ఏమీ లేదు అక్కడ, పిల్లవాడి ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి ఉంది.

మేం జీతాలకే డబ్బు అడుగుతున్నది ఇందుకే. ఒక్కసారి పది గంటల వేళ వచ్చి చూడండి. రాగిజావ తాగడం అయ్యాక టీచరమ్మ ఒక పళ్ళెంలో చింతగింజలు పోస్తుంది, పిల్లలు వాటిని రెండు కుప్పలు చేస్తారు, ఏ కుప్ప పెద్దదో లెక్కపెట్టకుండానే చెప్పాలి, తర్వాత లెక్కపెట్టి చూసుకోవాలి. తప్పు చెప్పినవాడికి మళ్ళీ చెప్పే అవకాశం ఉంటుంది, తిట్టు ఉండదు. ఇంకో పక్క ఆయమ్మ రెండేళ్ళ పిల్లాడికి చేతులు కడుగుతూ వేలు వేలుకీ పేరు చెబుతూ ఉంటుంది, వాడు చెప్పింది చెప్పినట్టు అనడానికి తంటాలు పడుతుంటాడు. ఇదంతా తెలుగులోనే జరుగుతుంది, మధ్యమధ్యలో కన్నడం, ఎందుకంటే రేపు బడిలో వాళ్ళకి కన్నడం కావాలి, ఇంట్లో మాట వదిలేస్తే అదీ ఇదీ రెండూ సరిగ్గా రావు. ఇంత పని ఒక టీచరు, ఒక ఆయమ్మ ఇద్దరే చేస్తున్నారు. వంట, పాకీ పని, చంటివాళ్ళ గుడ్డలు ఉతకడం కూడా వాళ్ళదే. ఒకరికి జ్వరం వస్తే ఆ రోజు మాకు టెన్షన్.

పుట్టినరోజు పేరు చెప్పి కేకులు, బొమ్మలు, స్కూలు బ్యాగులు తెచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు, మీ మనసు మంచిదే. కానీ బ్యాగుల గూడు నిండిపోయింది, ఆయమ్మ జీతం మాత్రం పోయిన నెల పదో తారీఖుకి గానీ ఇవ్వలేకపోయాం. జీతానికి ఇస్తే శిలాఫలకం మీద పేరు ఉండదు, అది మాకూ తెలుసు. అయినా అడుగుతున్నాం.

లెక్క ఇదీ. టీచరుకి 20,000, ఇద్దరు ఆయమ్మలకి తలా 15,000, మొత్తం 50,000. క్రెష్‌లకి, అంటే ఇలా చిన్నపిల్లల్ని పగలంతా చూసుకునే చోట్లకి, కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మూడేళ్ళ లోపు పిల్లలు పది మందికి ఒక మనిషి ఉండాలని ఉంది, మన 28 మందిలో ఆ వయసువాళ్ళు పది మంది, ఒక ఆయమ్మ వాళ్ళ దగ్గరే ఉండిపోవాలి, అందుకే మిగతా పనులకి రెండో ఆయమ్మ తప్పదు. పాలు, గుడ్లు, రాగులు, పప్పు, కూరగాయలకు 22,000. గ్యాస్, సబ్బులు, మందులు, గుడ్డలకు 6,000. అన్నీ కలిపి నెలకు 78,000, అందులో 30,000 హాలు అద్దెల నుంచి గుడే పెట్టుకుంటుంది. మిగిలింది 48,000. నెలకు వెయ్యి రూపాయల చొప్పున ఏడాది పాటు ఇచ్చే ఇళ్ళు 48 దొరికితే చాలు. వెయ్యి కుదరని వాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక వాటా తీసుకోండి. ఒక్కసారిగా పెద్ద మొత్తం ఇవ్వడం కంటే నెలనెలా వచ్చే చిన్న మొత్తమే మాకు ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే జీతం నెలనెలా ఇవ్వాలి.

గుడి డబ్బు గుడికే వాడాలి అని కొందరు పెద్దలు అన్నారు. నిత్యపూజకీ శనివారం అన్నదానానికీ పైసా తగ్గించలేదు, తగ్గించం. గర్భగుడి వాకిలికి వెండి తొడుగు మాత్రం వచ్చే ఏడాదికి వాయిదా వేశాం, కమిటీలో అందరూ ఒప్పుకున్నాకే. హాల్లోకి తీసుకునేటప్పుడు ఏ కులం, ఏ మతం, ఏ ఊరు అని అడగడం లేదు, అడగం కూడా. సాయబుల పిల్లలు ముగ్గురు ఇప్పటికే ఉన్నారు.

డబ్బు కాకుండా ఇంకో సాయం కూడా కావాలి. మనవలను చూసుకోవడానికి ఊళ్ళ నుంచి వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ చుట్టుపక్కల అపార్టుమెంట్లలో ఎంతమంది ఉన్నారో లెక్కలేదు. మధ్యాహ్నం మనవడు బడికి వెళ్ళాక మీకు తీరికే కదా అమ్మా, ఒక గంట వచ్చి కూర్చోండి, కథ చెప్పండి, చెమ్మచెక్క ఆడించండి. పిల్లలు మిమ్మల్ని అవ్వా అనే పిలుస్తారు. మెత్తని పాత నూలు చీరలు ఉంటే ఉతికి తెండి. పిల్లల డాక్టర్లు ఎవరైనా నెలకోసారి రాగలిగితే చాలా మేలు. ఒక్కటే మనవి, పిల్లల ఫోటోలు తీసి స్టేటస్‌లో పెట్టకండి, వాళ్ళ తల్లిదండ్రులు మనల్ని నమ్మి వదిలి వెళ్తున్నారు.

ఇవ్వాలనుకున్నవాళ్ళు గుడి ఆఫీసులో రశీదు తీసుకోండి, లేదా ఆఫీసు కిటికీ దగ్గరున్న యూపీఐ కోడ్ స్కాన్ చేసి, పిల్లల నిధి అని రాయండి. మన ట్రస్టుకి 80జి లేదు, పన్ను మినహాయింపు రాదు, ముందే చెబుతున్నాం. వచ్చినదీ ఖర్చయినదీ ప్రతి నెలా మొదటి ఆదివారం నోటీసు బోర్డు మీద పెడతాం, బిల్లులు అడిగినవాళ్ళకి చూపిస్తాం. ఇకనుంచి జీతాలు ఒకటో తారీఖునే ఇవ్వాలని తీర్మానం చేసుకున్నాం, కాబట్టి మీ నెల వాటా 28వ తేదీ లోపు చేరేలా చూడండి.

రామాలయం కమిటీ తరఫున