మోర్మన్ల ఓట్లూ, మా వీధిలో ముప్పై ఓట్లూ

సంపాదకుడు గారికి నమస్కారం.

అమెరికాలో రెండు పార్టీల నాయకులూ మోర్మన్ల ఓట్ల కోసం ఎలా తిరుగుతున్నారో మొన్న మీ పేపర్లో చదివాను. చదివి పక్కన పెట్టేద్దామంటే మనసొప్పలేదు, ఎందుకంటే మా ఎదురింటాయన మోర్మన్, అంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ సంఘానికి చెందినవాడు. గాజువాకలో మోర్మన్లేంటి అనుకుంటారేమో. ఉన్నారండీ, విశాఖలో ఉన్నారు, రాజమండ్రిలో ఉన్నారు, హైదరాబాద్‌లో ఇంకా ఎక్కువ మంది ఉన్నారు, వాళ్ల గ్రంథం తెలుగులో కూడా వచ్చింది. నిజానికి మోర్మన్ అన్న పేరు వాళ్లకి అంత ఇష్టం లేదు. పూర్తి పేరుతోనే పిలవమని 2018లో అప్పటి వాళ్ల అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ కోరారు. తెలుగులో ఆ పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. మీ వార్తలో వాడిన పేరే జనానికి తెలుసు కాబట్టి నేనూ అదే రాస్తున్నాను, రాసే ముందు ఆయన్ని అడిగే రాస్తున్నాను.

ఆయన ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పని చేస్తాడు. నన్ను మాస్టారూ అంటాడు, నేను తమ్ముడూ అంటాను. పదేళ్ల కిందట వాళ్లింటికి ఇద్దరు కుర్రాళ్లు వస్తూ ఉండేవారు, తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్లటి నేమ్ ప్లేటు, మే నెల ఎండలో కూడా ఆ టై తీసేవాళ్లు కాదు. ఒకసారి ఎదురింటికి తాళం వేసి ఉంటే మా అరుగు మీద కూర్చోబెట్టి మా ఆవిడ టీ తెచ్చింది. వద్దన్నారు. పోనీ కాఫీ అంటే అదీ వద్దన్నారు. మొహమాటపడుతున్నారేమో అని మళ్లీ అడిగితే అప్పుడు చెప్పారు, వాళ్ల సంఘంలో టీ, కాఫీ, మందు, పొగాకు ఏవీ ముట్టరట. ఉప్పేసి కరివేపాకు నలిపిన మజ్జిగ ఇస్తే చెరో రెండు గ్లాసులు తాగారు. జీతం లేకుండా రెండేళ్లు ఇల్లు వదిలి సంఘం పని మీద తిరుగుతున్న పిల్లలు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. వాళ్ల మతం గురించి మా ఆవిడ అడిగితే చెప్పారు, అడగనప్పుడు మా మనవడి లెక్కలు చూసి తప్పులు దిద్దారు.

2021 మార్చిలో జీవీఎంసీ, అంటే మా విశాఖ నగర పాలక సంస్థ ఎన్నికలు జరిగాయి కదా. ప్రచారం చివర్లో ఒక అభ్యర్థి తాలూకు మనిషి మా వీధికి వచ్చి, ఆదివారం ప్రార్థనకి వెళ్లే ఇళ్లు ఏవేవో వాకబు చేసి ఒక్కో గుమ్మం ఎక్కాడు. ఎదురింటికి వచ్చినప్పుడు నేను మా గేటు దగ్గరే ఉన్నాను. "మీ పాస్టరు గారితో ఒకసారి మాట్లాడించండి" అన్నాడు. మాకు జీతం తీసుకునే పాస్టరు ఉండరండీ, మాలోనే ఎవరో ఒకరు కొన్నేళ్లు ఆ బాధ్యత చూస్తారు, ఇప్పుడు చూసేది బ్యాంకులో పనిచేసే అబ్బాయి, అని మా తమ్ముడు చెప్తున్నాడు. ఆ మనిషికి అదంతా అక్కర్లేదు. "అది సరే, మొత్తమ్మీద మీవి ఓట్లెన్ని?" అన్నాడు. ఈ వార్డులో అయితే ఓ ముప్పై ఉంటాయండీ అన్నాడు తమ్ముడు. అప్పటికే వాళ్లావిడ మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చింది. ఆ గ్లాసు అలాగే అరుగు మీద పెట్టేసి, "సరే, చూద్దాం బాబూ" అని వెళ్లిపోయాడు. గుమ్మంలో ఇచ్చిన నీళ్లు ఒక గుక్క కూడా తాగకుండా వెళ్లడం మన వైపు ఎంత మాటో మీకు చెప్పక్కర్లేదు.

మీ వార్త చదువుతుంటే నాకు ఆ గ్లాసే గుర్తొచ్చింది. ఈ ఓట్ల లెక్క మోర్మన్లకి కొత్తది కాదు. ముప్పై రెండేళ్లు సోషల్ చెప్పినవాణ్ణి కాబట్టి ఈ చరిత్ర కాస్త చెప్పనివ్వండి. జోసెఫ్ స్మిత్ 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో ఈ సంఘాన్ని స్థాపించాడు. వాళ్లు ఎక్కడికి వెళ్లినా ఒక్క మాట మీద ఉండేవారు, ఓటు కూడా ఒక్క వైపే వేసేవారు, అదే వాళ్ల పీకకి చుట్టుకుంది. 1838 ఆగస్టులో మిస్సోరీ రాష్ట్రంలోని గాలటిన్‌లో పోలింగ్ రోజున వాళ్లని ఓటు వేయనివ్వకుండా అడ్డుకుంటే కొట్లాట అయ్యింది, ఆ చిచ్చు పెరిగి పెరిగి అక్టోబరు కల్లా గవర్నర్ బాగ్స్ ఉత్తర్వే ఇచ్చేశాడు: మోర్మన్లని శత్రువులుగా చూడాలి, నిర్మూలించాలి, లేదా రాష్ట్రం నుంచి తరిమెయ్యాలి అని. ఒక ప్రభుత్వం తన ప్రజల మీద ఇచ్చిన ఉత్తర్వండీ అది. అధికారికంగా దాన్ని రద్దు చేసింది 1976లో. 1839లో స్మిత్ వాషింగ్టన్ వెళ్లి ప్రెసిడెంట్ వాన్ బ్యూరెన్‌ని కలిసి మొరపెట్టుకుంటే, న్యాయం మీ వైపే ఉంది గానీ నేనేమీ చేయలేను, మీ పక్షాన మాట్లాడితే మిస్సోరీ ఓట్లు పోతాయి అన్నాడని మోర్మన్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

పక్కనే ఉన్న ఇల్లినాయ్‌కి వెళ్లేసరికి కథ తిరగబడింది. అక్కడ వీళ్ల ఓట్లు రెండు పార్టీలకీ కావాలి. 1840 డిసెంబరులో వీళ్ల నావూ పట్టణానికి సొంత కోర్టు, సొంత సైనిక దళం పెట్టుకునేంత అధికారాలతో చార్టర్, అంటే పట్టణ పాలన పత్రం, ఇచ్చేశారు, అప్పుడు శాసనసభలో సభ్యుడిగా ఉన్న అబ్రహాం లింకన్ కూడా దానికి ఒప్పుకున్నవాడే. కానీ గంపగుత్త ఓట్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు పడుతుంటే, పడనప్పుడల్లా ఏదో ఒక పార్టీకి కడుపు మండేది. నాలుగేళ్లు తిరక్కుండానే, 1844 జూన్‌లో, ఆ రాష్ట్రంలోనే కార్తేజ్ జైల్లో ఉన్న స్మిత్‌నీ ఆయన అన్ననీ గుంపు వచ్చి కాల్చి చంపింది. కేవలం ఓట్ల వల్లే అని నేననను. బహుభార్యాత్వం గొడవ ఉంది, తన మీద రాసిన పత్రిక ప్రెస్సుని పగలగొట్టించడం ఉంది, అది స్మిత్ చేసిన తప్పే. అయినా చార్టర్ ఇచ్చినప్పుడు చుట్టూ మూగిన నాయకుల్లో ఎంతమంది ఆ రోజు అడ్డం నిలబడ్డారు? మిగిలినవాళ్లు యూటా ఎడారికి పోయి బతికారు.

ఇక ఇప్పటి సంగతి. 2020లో అరిజోనాలో బైడెన్ గెలిచింది 10,457 ఓట్ల తేడాతో. ఆ రాష్ట్రంలో మోర్మన్లు 4 లక్షలకు పైనే. ఇంకేం కావాలి? ఆ ఏడాది ఆగస్టులోనే అప్పటి వైస్ ప్రెసిడెంట్ పెన్స్ మేసా ఊరికి వచ్చి, మోర్మన్ల కోసమని ట్రంప్ తరఫున ప్రత్యేకంగా ఒక ప్రచార విభాగం ప్రారంభించి వెళ్లాడు. 2024లో రెండు వైపులా కమిటీలు వేశారు, అప్పటి మేసా మేయర్ జాన్ జైల్స్ రిపబ్లికన్ అయ్యుండి, మోర్మన్ అయ్యుండి డెమొక్రాట్ల జాతీయ సభలో మాట్లాడాడు. మా అమ్మాయి అక్కడికి దగ్గర్లో చాండ్లర్‌లో ఉంటుంది, ఆ ఎన్నికలప్పుడు మేమిద్దరం అక్కడే ఉన్నాం. పక్కింటి మోర్మన్ ఆవిడ పోస్టు డబ్బాలోంచి కట్ట తీసి మాకు చూపించింది, ఒక్క రోజులో ఏడు ప్రచార కార్డులు. మీ చర్చిలో ఎవరికి వేయమన్నారు అని మా అమ్మాయి అడిగితే ఆవిడ విస్తుపోయింది, మా దగ్గర ఆ మాట ఎవరూ ఎత్తరు అంది. అది నిజం. ఆ సంఘం ఏ పార్టీకీ, ఏ అభ్యర్థికీ మద్దతు ప్రకటించదు, ప్రార్థనా మందిరాల్ని గానీ సభ్యుల జాబితాల్ని గానీ ప్రచారానికి వాడనివ్వదు. అంతేకాదు, అలవాటు కొద్దీ ఒకే పార్టీకి గుడ్డిగా ఓటేయకండి, మనిషిని చూసి వేయండి అని 2023లో సభ్యులకి ఉత్తరం కూడా రాసింది. గంపగుత్త ఓటు వల్ల ఒకప్పుడు ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్లు ఆ మాట అంటే నాకు చాలా గౌరవం కలిగింది.

మన దగ్గర చూడండి. మతం పేరు మీద ఓటు అడగకూడదని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే ఉంది, 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి దాన్ని మళ్లీ గట్టిగా చెప్పింది. అయినా ఎన్నికలు వచ్చాయంటే ఏ కుల సంఘం, ఏ మత సంఘం ఎన్ని వేల ఓట్లు అన్న లెక్కే నడుస్తుంది, ఇవ్వడానికి పెద్దమనుషులు కూడా తయారుగా ఉంటారు. నాయకులు చిన్న సమాజాల గుమ్మం ఎక్కడం తప్పని నేననడం లేదు. ఎక్కాలి. ఓట్లెన్ని అని కాకుండా మీకేం కావాలి అని అడగడానికి ఎక్కాలి. మా తమ్ముడిని ఆ రోజు ఆ ప్రశ్న అడిగుంటే ఆయన ఒక్కటే చెప్పేవాడు, శ్మశానం అని.

2022 వర్షాకాలంలో వాళ్లమ్మ తెల్లవారుజామున పోయింది. మా వైపు ఉన్న ఒక క్రైస్తవ శ్మశానం కమిటీ దగ్గరికి వెళ్తే, మీది వేరే సంఘం, మీకిక్కడ కుదరదు అన్నారు. ఇంకో చోటికి వెళ్తే డబ్బు కట్టినా మా సభ్యులకే అన్నారు. ఎన్నికలప్పుడు వచ్చిన మనిషి మా ఇంట్లో కూడా ఒక కార్డు ఇచ్చి వెళ్లాడు, వెతికి తీసి నేనే ఫోన్ చేశాను. "సార్ మీటింగులో ఉన్నారు మాస్టారూ, అవగానే చేయిస్తాను" అన్నాడు. చేయించలేదు. ఇంటి ముందు టార్పాలిన్ కింద ఫ్రీజర్ బాక్సు, బయట కుండపోత, ఎప్పుడు కరెంటు పోతుందోనని అందరికీ టెన్షన్. మా ఆవిడ ఆ బాక్సు అద్దం మీద పట్టిన చెమ్మని గుడ్డతో తుడుస్తూ కూర్చుంది, ముఖం కనపడాలని. చీకటి పడ్డాక వ్యాను మాట్లాడుకుని చోడవరం అవతల సొంతూరికి తీసుకెళ్లి పొలం గట్టున పూడ్చారు. వ్యాను ఎక్కే ముందు ఆయన నా చెయ్యి పట్టుకుని, "ముప్పై ఏళ్లు ఈ ఊళ్లోనే ఉంది మాస్టారూ, అమ్మకి ఆరడుగులు దొరకలేదు" అన్నాడు.

కాబట్టి మీ పత్రిక ద్వారా మా ప్రజాప్రతినిధుల్నీ జీవీఎంసీ అధికారుల్నీ అడిగేది ఇదీ. ఏ కమిటీలోనూ పేరు లేని కుటుంబాలకి, చిన్న చిన్న సంఘాల వాళ్లకి, పని కోసం ఎక్కడినుంచో వచ్చి ఇక్కడే కన్నుమూసేవాళ్లకి కూడా తెరిచి ఉండేలా గాజువాక వైపు ఒక సమాధి స్థలం కేటాయించండి. వ్యాను వెళ్లే దారి, ఒక కుళాయి, ఒక లైటు ఉంటే చాలు. అర్జీ రాసి పెట్టాం, ఈ ఉత్తరం అచ్చయితే కటింగు కూడా జతచేసి సోమవారం వార్డు సచివాలయంలో ఇస్తాం. ఇప్పటికి నలభై ఒక్క సంతకాలు వచ్చాయి, అందులో ఇరవై ఆరు మోర్మన్లు కానివాళ్లవి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
గాజువాక, విశాఖపట్నం