తూనీగల సంగతి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్ రా? ఇక్కడ వారం నుంచి ఒకటే వాన. అంబర్‌పేటలో మా గల్లీ సంగతి నీకు తెలుసుగా. ఆ తడికి వంటింటి నిండా బొద్దింకలు. మొన్న రాత్రి ఒకదాన్ని చెప్పుతో కొట్టాను. సగం నలిగింది, వెనక కాళ్లు పోయాయి. అయినా ఈడ్చుకుంటూ పోయి, స్టవ్ పక్కన పడిన పూరీ ముక్క తినడం మొదలుపెట్టింది! చెప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏం చూస్తున్నారని మా ఆవిడ కేకలు.

వెంటనే నువ్వే గుర్తొచ్చావ్. ఆరో తరగతిలో ఉస్మానియా క్యాంపస్ గడ్డిలో తూనీగల్ని పట్టి, తోకకి దారం కట్టి ఎగరేసేవాళ్లం కదా. ఓసారి తోక తెగి చేతికొచ్చింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. "దానికి నెత్తురే లేదు, నొప్పెక్కడిది రా" అన్నావ్. పాపిష్టోడా, ఇన్నేళ్లూ అదే నమ్మాను.

నీ వైపు మాట్లాడే శాస్త్రవేత్తలూ ఉన్నార్లే. కాలు నలిగిన పురుగు కుంటదు, ఆ కాలినే అంతే బలంగా నేలకి ఆనిస్తుంది, ఇంకో పురుగు తనని తింటున్నా మిడత మేత ఆపదు అని 1984లోనే కొందరు రాశారు. అచ్చం నా బొద్దింకే! పెనం తగిలితే ముందు చెయ్యి వెనక్కి వస్తుంది, ఆ తర్వాత కదా "అబ్బా" అంటాం. పురుగుకి ఆ మొదటిది మాత్రమే ఉందని వాళ్ల వాదన.

కానీ 2022లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీ వాళ్లు తేనెటీగల్లాంటి బంబుల్ బీలతో ఓ పని చేశారు. చక్కెర నీళ్ల గిన్నెలు కొన్ని మామూలుగా, కొన్ని 55 డిగ్రీల వేడితో పెట్టారు. రెండింట్లో తీపి సమానమైతే వేడివాటిని తప్పించుకున్నాయి. చల్లవాటిలో తీపి తగ్గించేసరికి, ఆ వేడిని ఓర్చుకుని తియ్యటిదాని దగ్గరికే వెళ్లాయి. ఉత్త ఉలికిపాటైతే ఈ బేరం ఎందుకు రా? నాలుక కాలుతున్నా మనం ఇరానీ చాయ్ వదలం, అలాగ.

చీమల కథ ఇంకా వింత. ఫ్లోరిడాలో ఓ రకం చీమలకి తొడ దగ్గర గాయమైతే తోటి చీమలు కాలు మొత్తం కొరికి తీసేస్తాయి. గాయం కింది భాగంలో అయితే నోటితో శుభ్రం చేసి ఊరుకుంటాయి. 2024లో బయటపడింది ఇది. దెబ్బతిన్న చీమ మాత్రం కాలు అప్పగించి కదలకుండా ఉంటుంది. నొప్పి లేకనా, ఉన్నా ఓర్చుకునా? నాకైతే రెండోదే అనిపిస్తోంది. నువ్వు ఒప్పుకోవని తెలుసు.

ఇంకో తమాషా. మన 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో జంతువంటే మనిషి కాని ఏ ప్రాణి అయినా. ఆ లెక్కన నా చెప్పు మీద కేసు పెట్టొచ్చేమో!

బొద్దింకని మాత్రం రెండో దెబ్బకే పూర్తి చేశాను. సగం చంపి వదిలేయడం ఇక నా వల్ల కాదు. దోమల బ్యాట్ వదల్లేదు, డెంగ్యూ అంటే నాకు టెన్షన్. నీళ్లలో దోమ పిల్లల్ని తినేది తూనీగ పిల్లలేనట. మనం తోకలు తెంపింది ఎవరివో చూశావా?

దసరాకి వస్తున్నావుగా. మీ అమ్మ కుట్టుమిషన్ మీంచి ఆ దారం రీలు కొట్టేసింది నేనేనని ఇప్పుడైనా చెప్పెయ్. నీకు పడ్డ దెబ్బలకి సారీ.

నీ
రఘు