చేతులు దించినవాడి సంగతి

సంతనూతలపాడు

చిరంజీవి శ్రావణిని నాన్న ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త నెమ్మదించింది. నువ్వడిగిన ప్రశ్నకు ఫోనులో జవాబు మొదలుపెడితే సగంలోనే మీ హాస్టల్లో భోజనాల గంట కొడుతుంది. అందుకే ఉత్తరం.

1990ల నాటి బ్రిటన్ బాక్సర్ నసీమ్ హమీద్ నిజంగా గొప్పవాడా, లేక ఒట్టి డాబుసరి మనిషా అని నీకూ నీ గదిలోని అమ్మాయికీ వాదన పడిందన్నావు. నువ్వేమో అతనంతటివాడు లేడంటావు. చివర్లో బరేరా అనే బాక్సర్ చేతిలో ఓడిపోయి గుట్టు రట్టయిందని ఆ అమ్మాయి అంటుంది. ఈలోగా నువ్వు అతనిలా చేతులు నడుం దాకా దించి నిలబడితే మీ కోచ్ గారు కసిరారట. ఆయన కసరడం నాకు నచ్చింది, ముందే చెప్పేస్తున్నాను. నేను డ్రిల్ మాస్టారుగా రిటైరైనవాణ్ణి. బాక్సింగ్ నాకు చూసిన విద్యే గాని చేసిన విద్య కాదు. అయినా నువ్వు పంపిన వీడియోలన్నీ చూశాను. ఎవరో ఎవరినో కొట్టుకుంటుంటే ఈయనకెందుకింత నిద్రలేమి అని అమ్మ సణుగుతూనే ఉంది.

ముందు నీ స్నేహితురాలికి చెప్పు. మన బండలాగుడు పోటీల్లో ఎడ్ల జతను బరిలోకి తెచ్చేటప్పుడు కొమ్ములకు రంగులు, మెడలో గంటలు, ముందు డప్పులు. కాడి ఎత్తాక కొలిచేది బండ కదిలిన అడుగులనే. అలాగని, అలంకరించారు కాబట్టి ఆ జతకు సత్తువ లేదని ఎవరైనా అంటారా? హమీద్ చిరుతపులి మచ్చల నిక్కరు వేసుకొని, పై తాడు పట్టుకొని పల్టీ కొట్టి రింగులోకి దూకేవాడు. 1998లో శ్మశానం సెట్టింగు వేయించుకొని అందులోంచి నడిచి వచ్చాడు, 2000లో ఎగిరే తివాచీ మీద వచ్చాడు. నాకు ఈ తివాచీ గోల నచ్చలేదు, అది వేరే మాట. ఆడిన 37 పోటీల్లో 36 గెలిచాడు, అందులో 31 సార్లు పోటీ పూర్తికాకుండానే ఎదుటివాడి పని ముగించాడు. ఇరవై ఒక్క ఏళ్ళకే, 1995లో, ఛాంపియన్ స్టీవ్ రాబిన్సన్‌ను అతని సొంత ఊరు కార్డిఫ్‌లోనే ఓడించి ఫెదర్‌వెయిట్ అనే తక్కువ బరువు తరగతి పట్టం తెచ్చుకున్నాడు. ఐదున్నర అడుగులైనా లేని మనిషి, 57 కిలోల వాడు, ఒక్క ఎడమచేతి దెబ్బతో ఎదుటివాణ్ణి పడుకోబెట్టేవాడు. డాబుతో అది జరగదు.

ఇక నీ సంగతి. నువ్వు చూసేది చేతులు. నేను చూసింది కాళ్ళు. యెమెన్ నుంచి షెఫీల్డ్‌కు వలసొచ్చి చిన్న దుకాణం నడుపుకునే ఇంట్లో పుట్టిన పిల్లవాడు ఏడేళ్ళప్పుడు విన్‌కోబ్యాంక్‌లోని బ్రెండన్ ఇంగిల్ జిమ్‌కు వెళ్ళాడు. ఇంగిల్ డబ్లిన్ నుంచి వచ్చి స్థిరపడిన పాత బాక్సర్. ఆ జిమ్ నేల మీద రంగుతో గీతలు గీసి ఉండేవి. పిల్లలు గుద్దడం సంగతి తరువాత, ముందు ఆ గీతల వెంట అడుగులు వేయాలి: ముందుకు, వెనక్కు, పక్కకు, కాలు మార్చి మళ్ళీ. సాధనలో తలకు గురిపెట్టకుండా ఒంటి మీదే కొట్టుకోమనేవాడు. దెబ్బకు దొరక్కుండా తప్పుకోవడమే ఆయన నేర్పిన మొదటి పాఠం. హమీద్ చేతులు దించగలిగింది ఆ కాళ్ళ ధైర్యంతో. చేతులు చేసే కాపలా పనిని కాళ్ళూ నడుమూ చేసేవి. నీ కాళ్ళు ఆ పని నేర్చాయా? నేర్చిన రోజున మీ కోచ్ గారే చెబుతారు.

ఆ జిమ్‌లో అన్నేళ్ళు ఉన్నవాడు డబ్బు వాటాల దగ్గర మాటలు పెరిగి 1998లో గురువును వదిలేశాడు. తప్పు ఎవరిదో తీర్పు చెప్పడానికి నేను పెద్దమనిషిని కాను. కానీ గీతలు వెనకబడి, దెబ్బ ఒక్కటే మిగిలింది. నిజానికి అంతకుముందే, 1997 డిసెంబరులో న్యూయార్క్‌లో కెవిన్ కెల్లీతో ఆడినప్పుడే లోపం కనపడింది. మూడుసార్లు తను కిందపడ్డాడు, కెల్లీని మూడుసార్లు పడగొట్టి నాలుగో రౌండులో గెలిచాడు. జనం ఊగిపోయారు. గెలిచాడు కాబట్టి, ఎందుకు పడ్డావని అతన్ని ఎవరూ అడగలేదు.

2001 ఏప్రిల్‌లో లాస్‌వేగాస్‌లో బరేరా అడిగాడు. మార్కో ఆంటోనియో బరేరా మెక్సికోవాడు, మీదపడి కలబడే రకమని పేరు. ఆ రాత్రి మాత్రం అస్సలు తొందరపడలేదు. తన ఎడమ వైపుకే జరుగుతూ, హమీద్ ఎడమచేతికి అందకుండా, వాడు గురి తప్పినప్పుడల్లా ఒకటి తగిలించి తప్పుకున్నాడు. చివరి రౌండులో అతన్ని మెడ విరిచినట్టు తిప్పి మూలనున్న దిండుకేసి అదిమాడు కూడా. అందుకు ఒక పాయింటు పోయింది. అయినా ముగ్గురు న్యాయనిర్ణేతలూ బరేరాకే ఇచ్చారు: 116-111, 115-112, 115-112.

ఆ బరేరా అంతకుముందే మూడుసార్లు ఓడినవాడు. జూనియర్ జోన్స్ చేతిలో రెండుసార్లు, మొరాలెస్ చేతిలో ఒకసారి. ఓడి వచ్చాడు, మారి వచ్చాడు. మహమ్మద్ అలీని చూడు, 1971లో ఫ్రేజియర్ చేతిలో ఓడి, 1974లోనూ 1975లోనూ అతన్నే ఓడించాడు. నోటి దురుసులో హమీద్‌కు అలీ తాత అవుతాడు. కాబట్టి గొప్పలు చెప్పుకోవడంలో దోషం లేదు. హమీద్ మళ్ళీ బరేరా ఎదుట నిలబడలేదు. మరుసటి ఏడాది మాన్యుయెల్ కాల్వో మీద పాయింట్లతో గెలిస్తే, ఆట చప్పగా ఉందని జనం ఎగతాళి చేశారు. అంతే, 28 ఏళ్ళకే ముగిసింది. నాకు అతని మీద ఉన్న ఫిర్యాదు ఇదొక్కటే. ఓడినందుకు కాదు.

రింగు బయట ఇంకా ఘోరం. అడ్డదిడ్డంగా కారు నడిపి ఒక మనిషిని తీవ్రంగా గాయపరిచి, 2006లో 15 నెలల శిక్ష వేయించుకున్నాడు. రాణిగారి ప్రభుత్వం ఇచ్చిన బిరుదును వెనక్కు తీసుకున్నారు. దాన్ని నేను వెనకేసుకు రాను.

అయినా 2015లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతనికి చోటిచ్చారు, ఇవ్వడం న్యాయమే. అంతకుముందు జనం డబ్బు పెట్టి చూసేది ఎక్కువగా బరువైనవాళ్ళ పోటీలే. ఇంత చిన్న మనిషి పేరు మీద పెద్ద పెద్ద హాళ్ళు నింపి చూపించాడు. నీలాంటి తక్కువ బరువు పిల్లలకు అది చిన్న సంగతి కాదు. అతన్ని మహా బాక్సర్ల మొదటి వరుసలో కూర్చోబెట్టను. వరుసలోంచి లేపను కూడా.

నీ పోటీల్లో ఉండేవి మూడు రౌండ్లు, ఒక్కోటి మూడు నిమిషాలు. ఒక్క దెబ్బ కోసం కాచుకునే వ్యవధి లేదు. బరేరాతో పోటీ పన్నెండు రౌండ్లూ చూడు, ఈసారి హమీద్‌ను వదిలేసి బరేరా పాదాలే చూడు. ఏమి కనిపించిందో రాయి.

చేతులకు చుట్టుకునే పట్టీలు పాతబడ్డాయన్నావు, డబ్బు పంపాను. మీ కోచ్ గారికి నా నమస్కారాలు చెప్పు. నీ స్నేహితురాలికి కూడా అమ్మ నువ్వుండలు కట్టి పెట్టింది, వాదన గెలిచినా ఓడినా చెరిసగం.

ఆశీస్సులతో
నాన్న